మరియానె వోస్: వరసగా కొట్టిన ఆరు టైటిళ్లు గొప్పా, ఎనిమిదేళ్ల తర్వాత కొట్టిన ఒక్కటి గొప్పా?

చైన్‌లూజు_చిన్నా
మా వాట్సాప్ గ్రూపులో మొదలైన గొడవని ఇక్కడికి మోసుకొచ్చాను, అక్కడ అందరూ రోడ్డు రేసుల వాళ్లే కాబట్టి నా మాట ఎవరూ వినలేదు. విషయం మరియానె వోస్. నెదర్లాండ్స్ ఆవిడ, 1987లో పుట్టింది, సైక్లోక్రాస్‌లో (చలికాలంలో గడ్డి, బురద మీద తొక్కే సైకిల్ రేసు) 8 సార్లు ప్రపంచ ఛాంపియన్. 2006లో జెడ్డమ్‌లో మొదటిది, 2009 నుంచి 2014 దాకా ఎవర్నీ దగ్గరికి రానివ్వకుండా వరసగా ఆరు, తర్వాత ఎనిమిదేళ్లు ఏమీ లేదు, మళ్లీ 2022లో అమెరికాలోని ఫయెట్‌విల్‌లో ఎనిమిదోది. మావాళ్లేమో ఆ వరస ఆరు ముందు మిగతావన్నీ బలాదూర్ అంటున్నారు. నాకైతే ఆ చివరిదే అన్నిటికన్నా పెద్దది. మీరేమంటారు? రోడ్డు రేసుల లెక్క మాత్రం తీయకండి, అది మొదలుపెడితే తెల్లారిపోతుంది.

స్టాట్స్_శాస్త్రి
నేను నీ వైపే, కానీ నా కారణం వేరు. కొంతమందికి నచ్చదు, అయినా చెప్తా. 2009–14 మధ్య మహిళల సైక్లోక్రాస్‌లో పోటీ పలచన. మగవాళ్లకి ప్రపంచ పోటీలు 1950 నుంచి ఉంటే ఆడవాళ్లకి పెట్టిందే 2000లో. రేసు 40 నిమిషాలు. దీన్నే వృత్తిగా పెట్టుకుని బతకగలిగినవాళ్లు చాలా తక్కువ. ఆ ఆరేళ్లలో రెండో స్థానం ఎవరిదో చూడండి, హాంకా కుప్ఫర్‌నాగెల్ రెండుసార్లు, కేటీ కాంప్టన్ రెండుసార్లు, డాఫ్ని వాన్ డెన్ బ్రాండ్ ఒకసారి, ఎవా లెక్నర్ ఒకసారి. తిరిగి తిరిగి అవే పేర్లు. అదే 2020, 2021 పోడియాలు తీయండి. రెండేళ్లూ మూడు మెట్లూ డచ్ వాళ్లవే. సొంత దేశంలోనే అంత రద్దీ ఉన్న రోజుల్లో 34 ఏళ్ల వయసులో వచ్చి గెలిచింది చూడండి, దానికి నేను ఎక్కువ మార్కులు వేస్తా.

పెడల్_పద్మ
శాస్త్రిగారూ, "పలచన" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. కుప్ఫర్‌నాగెల్ అంటే ఎవరో అనామకురాలు కాదు, నాలుగుసార్లు ప్రపంచ ఛాంపియన్. అవే పేర్లు తిరిగాయంటే వాళ్లు అంత గట్టివాళ్లని కూడా అర్థం చేసుకోవచ్చు కదా?

ఇంకో సంగతి, మీ లెక్కల్లో ఇది కనిపించదు. ఆ కాలంలో అమ్మాయిలకి ప్రపంచ పోటీల్లో జూనియర్ విభాగం లేదు, అండర్-23 కూడా లేదు. అండర్-23 వచ్చింది 2016లో, జూనియర్ వచ్చింది 2020లో. అంటే 2006 జనవరిలో జెడ్డమ్‌లో 18 ఏళ్ల పిల్ల నేరుగా పెద్దవాళ్ల మధ్య నిలబడాల్సి వచ్చింది. నిలబడటం కాదు, ఆ కుప్ఫర్‌నాగెల్‌నే స్ప్రింట్‌లో, అంటే గీత ముందు చివరి వేగంలో, కొట్టింది. అదే ఏడాది సాల్జ్‌బర్గ్‌లో రోడ్డు రేసు ప్రపంచ టైటిల్ కూడా. అప్పటికి 19. మన దగ్గర ఆ వయసుకి ఇంజినీరింగ్ సెకండియర్ బ్యాక్‌లాగ్స్ టెన్షన్‌లో ఉంటాం.

కొత్త_పెడల్
నమస్తే అందరికీ, మధ్యలో దూరుతున్నందుకు తిట్టుకోకండి. నేను కేబీఆర్ పార్కు చుట్టూ తొక్కే బ్యాచ్. సైక్లోక్రాస్ అంటే మౌంటెన్ బైకింగేనా? రెండు వీడియోలు చూశా, సగం సేపు సైకిల్ దిగి పరిగెడుతున్నారు, భుజాన వేసుకుని మెట్లు ఎక్కుతున్నారు. ఎక్కి తొక్కితే సరిపోదా?

బురదబండి
తిట్టేదేముంది తమ్ముడూ. నేను ఉద్యోగం మీద నెదర్లాండ్స్‌లో ఉంటున్నా, బ్రాబంట్ వైపు, వోస్ పుట్టిపెరిగిన ప్రాంతమే. చలికాలం ఆదివారాలు ఇక్కడ వేరే పని ఉండదు కాబట్టి ఈ పిచ్చి నాకూ అంటింది.

మౌంటెన్ బైకింగ్ కాదు. సైకిల్ చూస్తే రోడ్డు సైకిల్‌లాగే ఉంటుంది, వంపు తిరిగిన హ్యాండిల్, సస్పెన్షన్ ఉండదు. టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లు దాటకూడదు, అది ప్రపంచ సైక్లింగ్ సంఘం యూసీఐ నియమం. చిన్న చుట్టు, మూడు కిలోమీటర్లు అటూ ఇటూ, దాన్ని తిరిగి తిరిగి తొక్కాలి. మగవాళ్లకి గంట, ఆడవాళ్లకి ఇప్పుడు 50 నిమిషాల లోపు. గడ్డి, ఇసుక, బురద, మెట్లు, మోకాలి ఎత్తు చెక్క అడ్డుపలకలు. సెప్టెంబర్‌లో మొదలై ఫిబ్రవరిలో అయిపోతుంది, అంటే వాతావరణం కూడా పోటీలో ఒక భాగమే. వాన పడిన రోజు ఆ చుట్టు దమ్ము చేసిన వరిమడిలా తయారవుతుంది, అందులో తొక్కడం కన్నా దిగి పరిగెత్తడమే వేగం. ఎక్కడ దిగాలి, ఎక్కడ ఎక్కాలి అనేదే సగం విద్య.

మిగతా సగం టైర్లలో గాలి. స్టార్ట్ గీత దగ్గర మెకానిక్‌లు టైరుని బొటనవేలితో నొక్కి నొక్కి చూస్తుంటారు, ఇంకాస్త వదులు, ఇంకాస్త వదులు అంటూ. కారు టైరులో పెట్టేదానికన్నా తక్కువ ప్రెషర్‌తో తొక్కుతారు. ఎక్కువుంటే మలుపులో జారిపోతారు, మరీ తక్కువుంటే రాయి తగిలి రిమ్ పోతుంది.

పిట్ గురించి కూడా చెప్పాలి. బురద ఎక్కువైతే చక్రానికీ ఫ్రేముకీ మధ్య గడ్డీ మట్టీ కలిసి ముద్దలు కట్టేస్తుంది, గేర్లు పడవు, సైకిల్ బరువు పెరిగిపోతుంది. అప్పుడు పిట్ లైన్‌లోకి వచ్చి నడుస్తున్న సైకిల్ మీంచి దూకి దాన్ని వదిలేస్తారు, ఒకడు దాన్ని పట్టుకుంటాడు, నాలుగడుగుల అవతల ఇంకొకడు శుభ్రమైన సైకిల్ పట్టుకుని నిలబడి ఉంటాడు, దాని మీదకి దూకి వెళ్లిపోతారు. ఈ లోపు పాతదాన్ని ప్రెషర్ పంపుతో కడిగి, చైన్‌కి నూనె కొట్టి, వాళ్లు మళ్లీ వచ్చేసరికి సిద్ధం చేయాలి. పక్కన నిలబడి చూస్తే రేసు కన్నా అక్కడే ఎక్కువ టెన్షన్.

కొత్త_పెడల్
అన్నా సూపర్. ఇప్పుడు అర్థమైంది. మరి ఇందులో వోస్ ప్రత్యేకత ఏంటి, బలమా టెక్నిక్కా?

బురదబండి
రెండూ, కానీ నన్నడిగితే మూడోది. తొందరపడదు. చాలామంది మొదటి చుట్టులోనే గుండె చేతిలో పెట్టుకుని తొక్కేస్తారు, తర్వాత ఏదో మలుపులో కాలు కింద పెట్టాల్సి వస్తుంది. ఈవిడ ముందున్న మనిషి చక్రం ఎక్కడ జారుతుందో చూసుకుంటూ వెనకే వచ్చి, చివరికి స్ప్రింట్ మిగిలేలా రేసు నడుపుతుంది. స్ప్రింట్ దాకా వస్తే ఆవిడ్ని కొట్టడం మహా కష్టం. ట్రాక్ మీద కూడా తొక్కింది కదా, 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో పాయింట్స్ రేసు బంగారం ఆవిడదే.

గేర్లమామ
అవన్నీ సరే, అన్నిటికన్నా విచిత్రం లూయివిల్ రేసు. 2013లో మొట్టమొదటిసారి ప్రపంచ పోటీలు యూరప్ దాటి అమెరికా వెళ్లాయి. రెండు రోజులు జరగాల్సినవి. ఒహాయో నది వరద వచ్చి కోర్సు మునిగిపోతుందని తెలిసి రాత్రికి రాత్రి కార్యక్రమం మార్చేసి అన్ని రేసులూ శనివారం ఒక్కరోజులోనే లాగించేశారు. పక్కన నది పొంగుతుంటే ఈవిడేమో చల్లగా వెళ్లి ఏడోది కొట్టుకొచ్చింది. అమెరికాలో కాంప్టన్ సొంత జనం ముందు కాంప్టన్ రెండోది.

స్టాట్స్_శాస్త్రి
మామా, 2013ది ఆరోది. 2006 ఒకటి, 2009 నుంచి 13 దాకా ఐదు. ఏడోది 2014 హోగర్‌హైడె.

గేర్లమామ
ఆరో ఏడో, మెడలో పతకాలు బరువెక్కి నడుం వంగిపోయే సంఖ్యే కదా శాస్త్రీ 😄

పెడల్_పద్మ
చిన్నా రోడ్డు లెక్క తీయొద్దన్నాడు గానీ తీయకపోతే ఈ మనిషి అర్థం కాదు. 2007 నుంచి 2011 దాకా రోడ్డు ప్రపంచ పోటీల్లో వరసగా ఐదుసార్లు రెండో స్థానం. ఐదుసార్లు! స్టుట్‌గార్ట్, వరేసె, మెండ్రిసియో, జీలాంగ్, కోపెన్‌హాగెన్. ఒకపక్క చలికాలంలో బురదలో అందర్నీ చితక్కొట్టి, ఎండాకాలం చివర్లో ప్రతిసారీ ఒక్క మనిషి వెనక ఆగిపోవడం. ఇంకొకరైతే ఈ రేసు నాకు అచ్చిరాలేదని వదిలేసేవారు.

2012లో అన్నీ కలిసొచ్చాయి అంటారు, ఏం కలిసి రాలేదు. మే నెలలో కాలర్‌బోన్ విరిగింది. జూలైలో లండన్ ఒలింపిక్స్ రోడ్డు రేసు, కుండపోత వాన, చివర్లో ముగ్గురే మిగిలారు, ఇంగ్లండ్ అమ్మాయి లిజీ ఆర్మిట్‌స్టెడ్‌ని ఆమె సొంత ఊళ్లో, సొంత జనం ముందు కొట్టి బంగారం. సెప్టెంబర్‌లో వాల్కెన్‌బర్గ్, కౌబర్గ్ అనే ఎత్తు మీద ఒక్కసారిగా వేగం పెంచి అందర్నీ వదిలించుకుని ప్రపంచ టైటిల్. ఐదు వెండి పతకాల బాకీ అక్కడ తీరింది. వానలో బురదలో తొక్కడం అలవాటైన మనిషికి లండన్ వాన ఒక లెక్కా? ఆ పతకంలో సైక్లోక్రాస్ వాటా ఉందని నా నమ్మకం.

చైన్‌లూజు_చిన్నా
పద్మగారూ, లండన్‌కి సొంత ఊరేంటి, ఆమెది యార్క్‌షైర్ 😀 అయినా పాయింట్ అర్థమైంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 2014 తర్వాత ఏమైంది? అందరూ ఆ ఎనిమిదేళ్లని పక్కకి నెట్టేసి 2022కి దూకేస్తారు.

నిద్రపట్టని_నారాయణ
ఏమైందంటే ఒళ్లు మొరాయించింది. అంతే. 2006 నుంచి 2014 దాకా ఆవిడ క్యాలెండర్ ఒకసారి ఊహించుకోండి. సెప్టెంబర్‌లో రోడ్డు సీజన్ అయిపోతుంది, మిగతావాళ్లు విశ్రాంతి తీసుకుంటారు, ఈవిడ సైక్లోక్రాస్‌లోకి దిగుతుంది, ఫిబ్రవరి దాకా అదే, మార్చిలో మళ్లీ రోడ్డు, మధ్యలో ట్రాక్, మౌంటెన్ బైక్. గెలుస్తున్నంత కాలం ఎవరూ ఆపరు. ఆపాలని ఆమెకీ అనిపించదు. 2015 మొదట్లో టాబోర్‌లో సైక్లోక్రాస్ ప్రపంచ పోటీలు, టీమ్‌మేట్ పొలీన్ ఫెర్రాన్-ప్రెవో గెలిచింది, సానె కాంట్ రెండు, వోస్ మూడు. చూసేవాళ్లకి అదేదో ఒక చెడ్డ రోజు అనిపించింది. కానీ తొడ కండరం గాయం, దాని వెనకే ఓవర్‌ట్రైనింగ్, ఆ ఏడాది రోడ్డు సీజన్ దాదాపు మొత్తం తుడిచిపెట్టుకుపోయింది.

ఓవర్‌ట్రైనింగ్ అంటే అలిసిపోవడం కాదండీ. అలిసిపోతే వారం పడుకుంటే లేస్తాం. ఇందులో పడుకున్నా లేవలేం. ట్రైనింగ్ చేస్తే ఫిట్‌నెస్ పెరగాల్సింది పోయి తగ్గుతుంది, నిద్ర పాడవుతుంది, గుండె వేగం ఎక్కాల్సినంత ఎక్కదు. ఎప్పుడు తగ్గుతుందో డాక్టర్ కూడా తేదీ చెప్పలేడు. నేను కార్పొరేట్ మారథాన్ల బ్యాచ్, చిన్న స్థాయిలో నాకూ రుచి తెలుసు, అందుకే ఆవిడ గెలిచిన టైటిళ్ల కన్నా 2016లో తిరిగి గీత దగ్గర నిలబడటం నాకు పెద్ద విషయం. అప్పటికి ప్రపంచం ముందుకెళ్లిపోయింది. తన టీమ్‌లోనే ఉన్న ఫెర్రాన్-ప్రెవో రోడ్డు, సైక్లోక్రాస్, మౌంటెన్ బైక్ మూడింటి రెయిన్‌బో జెర్సీలూ (ప్రపంచ ఛాంపియన్ వేసుకునేవి) ఒకేసారి దగ్గర పెట్టుకుంది. రియో ఒలింపిక్స్ రోడ్డు రేసులో అన్నా వాన్ డెర్ బ్రెగెన్ బంగారం కొడితే వోస్ ఆ డచ్ జట్టులో ఒక సభ్యురాలు.

స్టాట్స్_శాస్త్రి
నారాయణగారి పోస్టుకి ఒక కొసరు. ఆ ఎనిమిదేళ్లు పూర్తిగా ఖాళీ కూడా కాదు. 2017 బీల్స్‌లో రెండో స్థానం, 2019 బోగెన్సెలో మూడో స్థానం, రెండుసార్లూ గెలిచింది కాంట్. అంటే తలుపు దగ్గరికి వచ్చి ఆగిపోతోంది, అంతే. ఇదే నా వాదనకి ఆధారం కూడా: పాత వోస్ అయితే అవి గెలిచేది. పోటీ మారింది కాబట్టే గెలవలేదు.

పెడల్_పద్మ
లేదా ఒళ్లు మారింది కాబట్టి. మీరు రెండింటినీ విడదీయలేరు శాస్త్రిగారూ, ఎంత ఎక్సెల్ షీట్ వేసినా.

చైన్‌లూజు_చిన్నా
ఫయెట్‌విల్ రేసు పూర్తిగా చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? నేను హైలైట్సే చూశా.

బురదబండి
నేను మొత్తం చూశా, ఇక్కడ టైమ్ ప్రకారం రాత్రి. 2022 జనవరి 29. ప్రత్యర్థి లూసిండా బ్రాండ్, ముందు ఏడాది ఛాంపియన్, ఆ రెండు సీజన్లూ వరల్డ్ కప్ ఓవరాల్ (సీజన్ మొత్తం లెక్క) కూడా ఆమెదే. పందెం కాస్తే అందరూ బ్రాండ్ మీదే కాస్తారు. ఇద్దరూ డచ్ వాళ్లే, ఇద్దరికీ ఒకే నారింజ జెర్సీ. ప్రపంచ పోటీల్లో టీమ్ జెర్సీలు ఉండవు, దేశం జెర్సీలే. ఇద్దరూ మిగతావాళ్లని వదిలించుకుని ముందుకొచ్చేశారు.

బ్రాండ్‌కి తెలుసు, స్ప్రింట్ దాకా తీసుకెళ్తే పోయినట్టేనని. అందుకే మళ్లీ మళ్లీ వేగం పెంచి విదిలించుకోవాలని చూసింది. వోస్ చక్రం వదల్లేదు. చివరి మలుపు తిరిగి తారు రోడ్డు మీదకి వచ్చాక ఇంక చెప్పడానికి ఏముంది, వెనక నుంచి లేచింది, దాటేసింది. జెడ్డమ్‌లో 18 ఏళ్లప్పుడు కుప్ఫర్‌నాగెల్‌ని ఎలా కొట్టిందో సరిగ్గా 16 ఏళ్ల తర్వాత అదే పద్ధతి. మూడో స్థానం ఇటలీ అమ్మాయి సిల్వియా పెర్సికో.

అందుకే చిన్నా, నీ ప్రశ్నకి నా సమాధానం: 2022ది. పోటీ గట్టిదని కాదు. ఒకసారి కూలిపోయిన ఒంటిని ఎంతవరకు వాడాలో తెలుసుకుని తొక్కింది కాబట్టి. అప్పటికే చలికాలం అంతా తొక్కడం మానేసి కొన్ని రేసులే ఎంచుకుంటోంది.

గేర్లమామ
నాకు మాత్రం వరస ఆరే. ఒక్కసారి గెలవడానికి ఒక మంచి రోజు చాలు. ఆరేళ్లు వరసగా జనవరి చివర్లోనో ఫిబ్రవరి మొదట్లోనో ఆ ఒక్క రోజు పంక్చర్ కాకుండా, జ్వరం రాకుండా, మొదటి మలుపులో ఎవడి చక్రమో తగిలి పడకుండా ఉండాలి. కోక్సైడె ఇసుక దిబ్బలు ఒక ఏడాది, టాబోర్ మంచు ఒక ఏడాది. ఏ నేల ఇచ్చినా సరే అంది.

కుర్రసైక్లిస్ట్
వాన్ డెర్ పూల్ గురించి ఎవరూ మాట్లాడరేంటి బ్రో? మాథ్యూ 2025లో లియెవాన్‌లో మగవాళ్ల సైక్లోక్రాస్‌లో తన ఏడో ప్రపంచ టైటిల్ కొట్టి ఎరిక్ డి వ్లామింక్ రికార్డుని సమం చేశాడు. అతనే కదా అసలు డచ్ ఛాంపియన్.

బురదబండి
అతను గొప్పోడు, కాదన్నవాడు లేడు. ఇంట్లోనే ఉంది కదా విద్య. నాన్న ఆద్రి వాన్ డెర్ పూల్ 1996లో సైక్లోక్రాస్ ప్రపంచ ఛాంపియన్, హోగర్‌హైడెలో ప్రతి ఏటా జరిగే రేసు ఆయన పేరు మీదే. తాత రేమండ్ పులిదోర్ టూర్ డి ఫ్రాన్స్‌లో 8 సార్లు పోడియం ఎక్కాడు, మొత్తం మీద ముందున్నవాళ్లు వేసుకునే పసుపు జెర్సీ మాత్రం ఒక్కరోజు కూడా వేసుకోలేదు. మనవడు 2021లో మొదటిసారి టూర్‌కి వెళ్లి రెండో రోజే వేసుకున్నాడు. పులిదోర్ అది చూడకుండానే 2019లో పోయాడు. సినిమా కథ. కానీ దానికి వేరే థ్రెడ్ పెట్టు తమ్ముడూ, ఇక్కడ కలిపితే పద్మగారు ఊరుకోరు.

పెడల్_పద్మ
ఊరుకోను. మాథ్యూకి చిన్నప్పుడు జూనియర్ విభాగం ఉంది, రెండుసార్లు గెలిచాడు కూడా. టీవీ ఉంది, జీతం ఉంది. వోస్ ఇవన్నీ లేని చోట మొదలుపెట్టి, కొన్నిటిని తనే అడిగి తెచ్చుకుంది. 2013లో ఎమ్మా పూలీ, క్యాథ్రిన్ బెర్టీన్, క్రిసీ వెల్లింగ్టన్‌తో కలిసి మహిళలకీ టూర్ డి ఫ్రాన్స్ కావాలని పిటిషన్ పెట్టారు, లక్షకి దగ్గర్లో సంతకాలు. నిర్వాహకులు మరుసటి ఏడాది లా కోర్స్ అని ఒక్కరోజు రేసు ఇచ్చారు, పారిస్‌లో షాంజెలీజె రోడ్డు మీద. ఒక్కరోజుతో నోరు మూయిద్దామనుకున్నారేమో. ఆ రేసు గెలిచింది ఎవరో చెప్పాలా? అసలు టూర్ 2022లో వచ్చింది, ఆ మొదటి టూర్‌లో ఈవిడ రెండు స్టేజీలు గెలిచి, పసుపు జెర్సీలో ఐదు రోజులు తిరిగి, పాయింట్లలో ఫస్ట్ వచ్చినవాళ్లకిచ్చే ఆకుపచ్చ జెర్సీతో ఇంటికెళ్లింది. అప్పటికి సైక్లోక్రాస్ రెయిన్‌బో కూడా ఆవిడదే.

నిద్రపట్టని_నారాయణ
ఇంకొకటి. 2023లో కాలికి వెళ్లే రక్తనాళానికి ఆపరేషన్ అయింది. ఎక్కువ కాలం వంగి తొక్కేవాళ్లకి నడుం దగ్గర ఆ నాళం నలిగి రక్తం సరిగ్గా దిగదు, గట్టిగా తొక్కినప్పుడు కాలు చచ్చుబడినట్టు అవుతుంది. దానివల్ల హోగర్‌హైడెలో టైటిల్ నిలబెట్టుకోవడానికి గీత దగ్గరికే రాలేదు, ఫెమ్ వాన్ ఎంపెల్ గెలిచింది, తర్వాత రెండేళ్లూ ఆమెదే. సరే, ఈసారి అయిపోయింది అనుకున్నాం. 2024లో చూస్తే ఓమ్లోప్, డ్వార్స్ డోర్ వ్లాండరన్, ఆమ్‌స్టెల్ గోల్డ్ రేస్ అనే మూడు రోడ్డు రేసుల్లో గెలుపు, పారిస్ ఒలింపిక్స్ వెండి, అక్టోబర్‌లో లూవెన్‌లో గ్రావెల్ (కంకర దారుల రేసు) ప్రపంచ టైటిల్. అప్పటికి 37 ఏళ్లు.

కొత్త_పెడల్
ఆమ్‌స్టెల్ అంటే ఆ వైరల్ వీడియోనా, ఒకమ్మాయి చేతులు పైకెత్తి ఓడిపోయింది?

బురదబండి
అదే. లొరెనా వీబెస్, ప్రస్తుతం ప్రపంచంలో అందరికన్నా వేగమైన స్ప్రింటర్ అంటే ఎవరూ కాదనరు. గీతకి కాస్త ముందు గెలిచేశాననుకుని నడుం నిటారుగా లేపి చేతులు ఎత్తింది. పక్కన వోస్ తల దించి, రెండు చేతులూ చాచి, ఒంటిని వెనక్కి తోసి సైకిల్‌ని ముందుకి విసిరింది. ముందు చక్రం గీత దాటింది. ఫోటో చూస్తే గానీ తెలియనంత తేడా. గీత దాటేదాకా తొక్కాలని పిల్లలకి ఇక్కడ క్లబ్బుల్లో మొదటి రోజే చెప్తారు.

స్టాట్స్_శాస్త్రి
అది రోడ్డు రేసు. థ్రెడ్ సైక్లోక్రాస్ గురించి. ఇలా మీరు తెలివిగా టాపిక్ మార్చేసినా నా ప్రశ్న అలాగే ఉంది: 2009–14 పోడియాల్లో ఉన్నవాళ్లని తెచ్చి ఇప్పటి పుక్ పీటర్సె, వాన్ ఎంపెల్ పక్కన నిలబెడితే?

పెడల్_పద్మ
ఇప్పటి వాళ్లు ఇలా ఉండటానికి కారణమే ఆవిడ ఆ ఆరేళ్లు టీవీలో కనిపించడం కావచ్చు కదా, అది మీ పట్టికలో ఏ గడిలో పెడతారు?

కొత్త_పెడల్
నేనొక మామూలు ప్రశ్న అడుగుతా. గ్రావెల్ బైక్ ఉంది నా దగ్గర, 40 మిల్లీమీటర్ల టైర్లు. ఇలా దిగి ఎక్కడం ప్రాక్టీస్ చేయొచ్చా?

బురదబండి
రేసు నియమానికి ఆ టైరు పనికిరాదు గానీ నేర్చుకోవడానికి దివ్యంగా సరిపోతుంది. ఏదైనా గడ్డి మైదానం చూసుకో. ముందు నడక వేగంలో కుడి కాలు వెనక నుంచి ఎడమ వైపు తిప్పి, ఎడమ పెడల్ మీద నిలబడి దిగడం. అది ఒంటికి పట్టాక ఎక్కడం మొదలుపెట్టు. ఎక్కేటప్పుడు సీటు మీదకి పైనుంచి దూకకు, తొడ లోపలి భాగంతో పక్క నుంచి జారాలి. ఎందుకో మొదటి తప్పుకే నీకు తెలుస్తుంది 😬

గేర్లమామ
తెలిశాక ఇక్కడ పోస్ట్ పెట్టకు తమ్ముడూ, ఫ్యామిలీ థ్రెడ్ ఇది.

చైన్‌లూజు_చిన్నా
అందరికీ థ్యాంక్స్. స్కోరు చూస్తే 2022 వైపు బురదబండి అన్న, శాస్త్రిగారు, నేను. వరస ఆరు వైపు మామ. నారాయణగారు 2016 అంటున్నారు, అసలు ఆప్షన్‌లోనే లేదు. పద్మగారు ఏ వైపో ఇప్పటికీ అర్థం కాలేదు.

పెడల్_పద్మ
2006. ఎవరూ అడగలేదు.